సముద్రానికి నీళ్లు కలిపాం

కొవిడ్ రావడానికి ముందు ఏడాది ఫిబ్రవరిలో నన్ను సూళ్లూరుపేటకు ఉత్తరాన, తీరంలో ఉన్న మా క్షేత్ర ప్రయోగశాలకు సీనియర్ టెక్నికల్ అసిస్టెంటుగా వేశారు. పని సముద్రపు నీటిలో బ్యాక్టీరియాను లెక్కపెట్టడం. నీటికి రంగు కలిపి, సన్నటి వడపోత పొర మీద వడగట్టి, ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు కింద పెడితే ఒక్కో బ్యాక్టీరియా వెలిగే చుక్కలా కనిపిస్తుంది. ఆ మైక్రోస్కోపంటే నాకు ప్రాణం.

అదే పోయేలా ఉంది. నెలనెలా లెక్క దాదాపు ఒకటే వస్తోంది. ఈ నీళ్లలో ఏమీ జరగడం లేదని మా ఇన్‌ఛార్జి శాస్త్రవేత్త రావుగారు తేల్చేశారు. సమీక్షకు వచ్చే పై అధికారి కూడా అదే అంటే, మైక్రోస్కోపును పెట్టెలో పెట్టి వేరే కేంద్రానికి పంపేస్తారు.

నా అనుమానం వేరు. కారం దోశల బండి దగ్గర పళ్లెంలో ఎప్పుడూ ఒక్క దోశే కనిపిస్తుంది. వేసేవాడు నిద్రపోతున్నాడని కాదు, తినేవాళ్లు కాచుకుని ఉన్నారని. సముద్రంలో బ్యాక్టీరియాను తినే ఏకకణ జీవులున్నాయి. సన్నటి తోక ఊపుకుంటూ తిరుగుతాయి. వాటికి వేట కష్టం చేస్తే బ్యాక్టీరియా అసలు వేగం బయటపడుతుంది. అందుకొక పద్ధతి ఉంది. ఏ జీవీ మిగలకుండా వడగట్టిన సముద్రపు నీటిని మామూలు సముద్రపు నీటికి వేర్వేరు పాళ్లలో కలిపి, సీసాల్లో ఒక రోజు ఉంచాలి. పల్చబడిన సీసాలో తినేవాడికీ తిండికీ మధ్య దూరం పెరుగుతుంది.

మా పడవ నడిపే పోలయ్య ఇదంతా చూసి, "ఏంది మేడమ్, పాలోళ్లను మించిపోయినారే! సముద్రానికే నీళ్లు కలపతా ఉండారు" అన్నాడు. ఇక ఆఫీసంతా అదే మాట.

మర్నాడు లెక్కపెట్టాను. నీళ్లు కలపని సీసాలో నిన్నటి లెక్కే. ఎక్కువ కలిపిన సీసాలో చుక్కలు దాని నిన్నటి లెక్కకు రెట్టింపు దాటాయి! స్టూలు మీద కూర్చోలేకపోయాను. రావుగారు మాత్రం సీసాలు తారుమారై ఉంటాయన్నారు. మళ్లీ చేశాను. మళ్లీ అదే.

ఇక దొంగను పట్టుకోవడమే మిగిలింది. పచ్చగా వెలిగే రంగు పట్టించిన చచ్చిన బ్యాక్టీరియాను తాజా నీటిలో వదిలి, కాసేపాగి వడగట్టి చూశాను. మేం మామూలుగా కలిపే రంగుకు నీలంగా వెలిగే ఓ బుల్లి ప్రాణి, దాని పొట్టలో పచ్చటి చుక్కలు! కేక పెట్టాను. రావుగారు పరుగెత్తుకొచ్చి కన్ను ఆనించి, "అమ్మ దొంగా!" అన్నారు. నన్నో, దాన్నో తెలియలేదు. పోలయ్యకూ చూపించాం. "మింగినాడు మేడమ్, దొరికిపోయినాడు!" అని చప్పట్లు కొట్టాడు. యాభై దాటిన ముగ్గురం బడిపిల్లల్లా గెంతాం. ఎంత సంతోషమో!

సమీక్షాధికారి వచ్చినప్పుడు రావుగారే ఆయన్ను తీసుకొచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. నేను చెప్పింది కొంచెమే. ఈ తినేవాళ్లు లేకపోతే బ్యాక్టీరియాకు పట్టపగ్గాలుండవు. తిన్నదాంట్లో కొంత ఎరువై నీటిలోకే వస్తుంది, దానితో కంటికి కనిపించని నాచు పెరుగుతుంది. ఈ తినేవాళ్లను కాస్త పెద్ద ప్రాణులు తింటాయి, వాటిని చేపపిల్లలు తింటాయి. భోజనానికి పిలిచినా ఆయన కన్ను తీయలేదు. మైక్రోస్కోపు మాకే ఉండిపోయింది.

లెక్క మారలేదంటే పని ఆగిందని కాదు, పుట్టుకా చావూ సరిసమానంగా సాగుతుండవచ్చు. ఆ రెండింటినీ విడివిడిగా కొలవనిదే, తర్వాత ఏ నివేదిక మీదా నేను సంతకం పెట్టలేదు.