మేకు దిగిన రేకు

పక్క ఫ్లాట్ పిన్నిగారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున ఆవిడ కొడుకు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ ఇక లేదు" అన్నాడు. దోహా పక్కన అల్ వక్రాలో బస్‌స్టాప్‌లో నిలబడి, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

ఆవిడ దోహాలో ఇరవై ఏళ్ళు పిల్లలకి చరిత్ర చెప్పారు. అల్ ముంతజాలో ఉన్నప్పుడు మా రెండిళ్ళకీ ఒకటే గోడ. రోమ్ వాళ్ళ సంగతులు మొదలెడితే పొయ్యి మీద పప్పు మాడాల్సిందే. వంకర తిరిగిన ఎడమ చెయ్యి ఊపుతూ చెప్పేవారు. ఎప్పుడో మెట్ల మీంచి పడ్డారట. కత్తులతో పొడుచుకునే వీరుల ఒంటి మీది చెమట గీకి అమ్మేవాళ్ళట. వడిసెలతో సీసపు గుళ్ళు విసిరేవాళ్ళట, వాటి మీద తిట్లు చెక్కి మరీ. బానిస మెడకి ఇనుప పట్టీ బిగించి, "పారిపోయాను, పట్టుకుని నా యజమానికి అప్పగించండి" అని రాసేవాళ్ళట. అది విన్నప్పుడు నా చెయ్యి మెడ మీదికి పోయింది. అక్కడ మా ఆయన వేళ్ళ గుర్తులున్నాయి. ఆవిడ చూశారు. గోడ అవతల నుంచి అంతకుముందే వినుంటారు.

ఒక శుక్రవారం మా ఆయన నా తల పట్టుకుని అల్మారాకేసి కొట్టాడు. రెండో దెబ్బకి పన్ను విరిగింది. ఆయన బయటికి పోగానే రక్తం ఉమ్ముకుంటూ వెళ్ళి ఆవిడ తలుపు బాదాను.

"ఆయన్ని ఇంటికి రానివ్వండి పిన్నిగారూ, ఇవాళ చంపేస్తాను."

ఊరికే అనలేదు. చేతిలో కత్తి ఉంది.

ఆవిడ ఆ కత్తి తీసుకుని, దాంతోనే బిర్యానీ వచ్చిన అల్యూమినియం ట్రే అడుగు కోశారు. నాకో మేకు ఇచ్చారు. "రోమ్ వాళ్ళు సీసపు రేకు మీద శాపం రాసి, మడిచి, మేకు దిగ్గొట్టి, నీళ్ళలో పడేసేవాళ్ళు. రాయి. ఎవడు, ఏం చేశాడు."

'మా ఆయన నా పన్ను విరగ్గొట్టాడు' అని గీశాను.

ఆవిడకి ఒళ్ళు మండింది. "మీ ఆయనెవరో దేవుళ్ళకేం తెలుసు? దొంగ ఎవరో తెలియనివాళ్ళు ఆడో మగో అని రాసుకునేవాళ్ళు. నీకు తెలుసు కదా. పేరు రాయవే!"

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని పెంచారు నన్ను. రాశాను, రేకు చిరిగేలా. మడిచి, రోకలిబండతో మేకు దిగ్గొట్టాను. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

"ఇప్పుడు అదే కాగితం మీద రాయి. పోలీసులకీ పేరే కావాలి" అన్నారు. రేకు తన దగ్గరే ఉంచుకున్నారు. "యల్లా, పద పద" అంటూ నన్ను టాక్సీ ఎక్కించి, తనూ ఎక్కారు. ఇవాళ నేను చావకుండా, ఎవర్నీ చంపకుండా, నా ఉద్యోగం నేను చేసుకుంటున్నానంటే ఆవిడ చలవే.

నిన్న ఆవిడ ఇంటికి వెళ్ళాను. హాల్లో బాబాయిగారి ఫొటో అలాగే ఉంది. ఆయన పోయినప్పటి నుంచీ ఆవిడ రోజూ దానికి పువ్వు పెట్టేవారు. కొడుకు ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి, "నీకివ్వమంది అక్కా" అన్నాడు.

లోపల రెండు రేకులున్నాయి. ఒకటి నాది. రెండోదాని మేకు తుప్పు పట్టింది. దాన్ని పీకి మడత విప్పాను. పిన్నిగారి గుండ్రటి అక్షరాలే.

'మావారు నా చెయ్యి విరిచారు.'

ఆ పైన, పేరు కోసం వదిలిన చోటు ఇంకా కొత్తగా మెరుస్తోంది.