చివరి బొమ్మ కోసం కోరుట్ల దాకా

జూబ్లీ బస్‌స్టేషన్‌లో ఉదయం ఆరింటికి జగిత్యాల బస్సెక్కాను. పిల్లల పుస్తకాలు వేసే చిన్న సంస్థలో పని నాది. కోరుట్లలో ఉండే సుజాత కథ రాసి, బొమ్మలు కూడా తానే వేసిన పుస్తకాన్ని రెండోసారి అచ్చు వేయాలనుకున్నాం. జగిత్యాలలో ఒక బడి పిల్లలకు ఆమె ఆ కథ వినిపిస్తుందని, అక్కడే మాట్లాడుకోవచ్చని బయలుదేరాను.

పక్క సీటాయన సిద్దిపేట దాకా నిద్రపోయాడు. లేచి, "తమ్మున్ని శంషాబాద్‌ల ఇమానమెక్కిచ్చి అస్తున్న మేడం. మస్కట్ పోయిండు. ఇన్నేండ్లు ఆడ నేను జేసిన, ఇగ వాడు జేస్తడు" అన్నాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

జగిత్యాలలో దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, ఆటోలో బడికి వెళ్ళాను. సుజాత రాలేదు. ఫోను ఎత్తలేదు. చేసేదిలేక కథ నేనే చదివాను. దుబాయి వెళ్ళిన తండ్రి కోసం ఒక పాప ఎదురుచూస్తుంటుంది. చివరి బొమ్మలో ఆయన వస్తాడు. నెత్తిన టీవీ డబ్బా, రెండు చేతులా పెద్ద పెట్టెలు, మెళ్ళో గొలుసు. ఆ పేజీ తిప్పగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

గేటు దాటుతుంటే సుజాత ఫోను. "అక్కా, ఏమనుకోకు. గా పుస్తకం మల్ల అచ్చు కొట్టకుండ్రి."

"ఎందుకమ్మా?"

"ఇంటికి రా, చెప్త."

కోరుట్ల బస్సులో సీటు దొరకలేదు. దిగేసరికి మోకాళ్ళు పీకేస్తున్నాయి. సుజాత ఇంటి ముందు గదిలో ఒక పక్క బీడీల చాట, ఇంకో పక్క రంగుల డబ్బాలు. బుగ్గారంలో కల్లుగీసే ఇంట పుట్టిందామె. పాత క్యాలెండర్ల వెనక బొమ్మలు వేస్తూ పెరిగింది. పెళ్ళై కోరుట్ల వచ్చి బీడీలు చుట్టింది. భర్త రాజేశం దుబాయి వెళ్ళాక, కూతురు శ్రావ్యను నిద్రపుచ్చడానికి చెప్పిన కథే మా పుస్తకమైంది. తర్వాత ఇంకొన్ని పుస్తకాలకూ బొమ్మలు వేసింది.

చాయ్ ఇచ్చి, కూతురు పక్కింటికి వెళ్ళాక చెప్పింది. "మొన్న ఎండకాలం ఆయన అచ్చిండక్కా. కంపెనీ మూతవడ్డది. చేతిల ఒక్క సంచి. బిడ్డ గడపల నిలవడి 'బాపూ, పెట్టెలేవి?' అన్నది. చిన్నప్పటి సంది నా బొమ్మనే చూసింది గద. ఆయన నాలుగు దినాలు ఇంట్ల ఉండి సిరిసిల్ల పోయిండు, సాంచాలు నడపనీకి. ఇంటికి రమ్మంటె, మొఖం జూపియ్య శరమైతుందంటడు."

అట్టల మధ్య నుంచి ఒక కొత్త బొమ్మ తీసింది. గడపలో నలిగిన చొక్కాతో బక్కచిక్కిన మనిషి. సంచి కింద పడి ఉంది. పాప ఆయన మెడకు వేలాడుతోంది.

"ముందుగాల ఆయనకు చూపిస్త. సరే అంటెనే నీకిస్త."

ఆ రాత్రి పచ్చిపులుసుతో అన్నం తిని అక్కడే పడుకున్నాను. పొద్దున్నే ముగ్గురం వేములవాడ వెళ్ళి, అక్కడ సిరిసిల్ల బస్సెక్కాం. కిక్కిరిసిన జనంలో ఒక ముసలామె శ్రావ్యను ఒడిలో కూర్చోబెట్టుకుని, "యాడికే బిడ్డా?" అని అడిగింది.

"మా బాపు కాడికి."

"ఏ దేశమే?"

"సిరిసిల్ల."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సుజాత మాత్రం కిటికీ వైపు తిరిగింది.

రాజేశం సాంచాలు నడిపే మరమగ్గాల షెడ్డు సిరిసిల్ల పక్కనే తంగళ్ళపల్లిలో ఉంది. ఆ చప్పుడుకు మాట వినపడదు. కబురు పంపితే తలగుడ్డ విప్పుకుంటూ బయటికొచ్చి, కూతుర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. సుజాత బొమ్మ చేతికిచ్చింది. ఆయన దాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"నన్ను గింత బక్కగ ఏసినవేంది?"

"ఉన్నట్టే ఏసిన."

"పుస్తకంల ఏస్తరా గిది? అందరు చూస్తరు."

"చూడనీ. నాకు గీ మనిషే గావాలె."

 శ్రావ్య తండ్రి దగ్గరికెళ్ళి మునివేళ్ళ మీద లేచి, ఆయన మీసాలకంటిన దూది తీసింది. "బాపూ, ముసలోని లెక్క అయినవ్" అని పకపకా నవ్వింది. రాజేశం కూడా నవ్వబోయి, తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. బొమ్మ సుజాతకిచ్చి లోపలికెళ్ళాడు. కాసేపటికి చొక్కా మార్చుకుని వచ్చాడు. "సేటుకు చెప్పిన. ఎల్లుండి మల్ల పనికి రావాలె" అన్నాడు.

"రా, ఎవరొద్దన్నరు" అని సుజాత బొమ్మ నాకిచ్చింది. "ఇగ అచ్చు కొట్టుకోండ్రి అక్కా."

సిరిసిల్ల బస్టాండులో వాళ్ళు ముగ్గురూ ఎక్కిన బస్సు ముందు కదిలింది. ఆ తర్వాత నాది దొరికింది. సిద్దిపేటలో చాయ్‌కి ఆపినా దిగే ఓపిక లేదు. ఇన్నేళ్ళలో ఎన్నో బొమ్మలు అచ్చు వేశాను. తన బొమ్మ తన ఇంట్లోనే గుచ్చుకుంటే, చించెయ్యకుండా మళ్ళీ కూర్చుని గీసిన మనిషిని ఇప్పుడే చూశాను. నిద్ర ముంచుకొస్తున్నా, ఎక్కడ మడత పడుతుందోనని హైదరాబాద్ దాకా ఆ బొమ్మ అట్టను ఒళ్ళో నిటారుగా పట్టుకునే కూర్చున్నాను.