రోడ్ టెస్ట్ గడిలో నా సంతకం

కొవిడ్‌కు రెండేళ్ల ముందు, ఎండాకాలం ముగుస్తున్న రోజుల్లో, చెన్నైలో డిప్యూటీ సర్వీస్ మేనేజరుగా ఉన్న నన్ను తిరుపతి వర్క్‌షాపుకు సర్వీస్ మేనేజరుగా బదిలీ చేశారు. ఖరీదైన విదేశీ కార్లను అమ్మి, బాగుచేసే డీలరు సంస్థ మాది. ఆ వర్క్‌షాపు పెట్టక ముందు ఈ ప్రాంతంలో అలాంటి బండికి చిన్న దీపం పగిలినా లారీ మీద వేసి చెన్నైకో బెంగుళూరుకో పంపాల్సి వచ్చేది. నేను చేరేనాటికి మా రిజిస్టరులో ఎక్కువ భాగం మామూలు పెద్ద కార్లే. స్పోర్ట్స్ కార్లు పదకొండు. నా పొద్దులో సగం ఆ పదకొండింటికే సరిపోయేది.

స్పోర్ట్స్ కారుకు రెండే తలుపులు, రెండే సీట్లు. అడుగు భాగం నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. ఇంజను మాత్రం లారీని లాగేంత బలంగా ఉంటుంది. మన ఊళ్ల స్పీడు బ్రేకర్లకు ఆ బండి ఏ విధంగానూ సరిపడదు. అయినా కొంటారు. అవసరం లేకుండా కొన్న వస్తువును మనిషి ఎలా వాడతాడో చూస్తే అతని స్వభావం చాలావరకు తెలిసిపోతుంది.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన ఆదివారం ఉదయం మాత్రమే బండి బయటికి తీసేవారు. పలమనేరు దాకా వెళ్లి, ఒక కాఫీ తాగి, తిరిగివచ్చి, టైర్ల గాడుల్లో ఇరుక్కున్న రాళ్లను పుల్లతో ఒక్కొక్కటే తీసేవారు. మబ్బు పడితే ఆ ఆదివారం లేనట్టే. కుప్పం వైపు గ్రానైటు వ్యాపారి ఒకాయనకు ఇంజను ముందుందో వెనకుందో కూడా పట్టదు, సైలెన్సరు చప్పుడు ఇంకాస్త పెంచమని మాత్రం వచ్చిన ప్రతిసారీ అడిగేవారు. తిరుపతిలో ఒక దంత వైద్యురాలు బండితో పాటు ఇచ్చిన పుస్తకం మొత్తం చదివి, సందేహాలను వరుస నంబర్లతో రాసుకొచ్చేవారు. ఆవిడ వస్తున్నారని తెలిస్తే మా సర్వీస్ అడ్వైజర్లకు పదకొండు గంటలకే ఆకలి వేసేది. ఇంకొకాయనకు అసలు డ్రైవింగే రాదు. సాయంత్రం స్నానం చేసి, షెడ్డులో ఉన్న బండిలో అరగంట కూర్చొని, పాటలు విని దిగేవారు. ఆయన బండికి వచ్చే ఒకే ఒక్క ఫిర్యాదు బ్యాటరీ దిగిపోవడం.

వీళ్లందరి అలవాట్లూ నాకు కంఠతా వచ్చు. ఎవరి దగ్గర ఎలా మాట్లాడాలో, ఎవరికి ఏ నియమం సడలించాలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని గర్వపడేవాణ్ణి.

పలమనేరుకు చెందిన చెంగల్రాయ నాయుడు గారు ఆ పదకొండు మందిలో ఒకరు. అరవై దగ్గర పడిన మనిషి. అప్పటికి సొంతంగా పాల డెయిరీ నడుపుతున్నారు. అంతకు ముందు ఇరవై ఏళ్లు ఇంకొకరి డెయిరీలో పాల వ్యాను తోలారు. బండి ఎక్కే ముందు చెప్పులు విడిచి పక్క సీటు కింద పెట్టి, ఉత్త కాళ్లతో తోలేవారు. తన బండి స్టీరింగు ఇంకెవరూ ముట్టకూడదని ఆయన పట్టుదల. కన్నకొడుకులనూ ముట్టనివ్వలేదు. వర్క్‌షాపులో ర్యాంపు మీదికి కూడా తానే ఎక్కించి, పని అయ్యేదాకా పక్కనే నిలబడేవారు. కారణం అడిగితే ఒకసారి చెప్పారు.

"ఇరవై ఏండ్లు ఇంగొకరి బండి తోలినాను సారూ. నేను కూచునే సీటు గూడా నాది కాదు. ఇది నాది. దీన్ని ఇంగొకరు తోల్తా ఉంటే నేను నిలబడి సూడలేను."

నాకు ఆ మాట నచ్చింది. ఆయన విషయంలో నియమం సడలించాను.

ఆ నియమం ఏమిటో ఇక్కడ చెప్పాలి. వర్క్‌షాపుకు వచ్చిన ప్రతి బండికీ జాబ్ కార్డు అనే కాగితం ఉంటుంది. చేసిన పని ఎదుట టెక్నీషియన్ సంతకం పెడతాడు. కింద రోడ్ టెస్ట్ అని ఒక గడి. బ్రేకు పని జరిగితే అధికారం ఉన్న ఉద్యోగి ఇరవై కిలోమీటర్లు స్వయంగా తోలి, ఆ గడిలో సంతకం పెట్టాలి. కొత్త బ్రేకు ప్యాడ్లు వేసిన రోజు ఇది మరీ ముఖ్యం. ప్యాడు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే దిమ్మ. కొత్త ప్యాడు వేసిన వెంటనే పూర్తిగా పట్టదు. ఒక మాదిరి వేగం నుంచి మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ, పాతిక ముప్ఫై సార్లు బ్రేకు వేస్తే ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి కుదురుకుంటాయి. దీన్ని బెడ్డింగ్ అంటారు. అది చేయకుండా దిగుడులో గట్టిగా వాడితే ప్యాడు వేడెక్కి, పైభాగం గాజులా నున్నబడి జారుతుంది. నాయుడు గారి బండికి మాత్రం ఆయనే తోలేవారు, నేను పక్క సీట్లో కూర్చొని ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు వదలాలో చెప్పేవాణ్ణి. ఆ తరువాత నేను తోలినట్టు సంతకం పెట్టేవాణ్ణి.

నేను వచ్చిన మరుసటి సంవత్సరం ఆయన బండికి నాలుగు చక్రాల ప్యాడ్లూ డిస్కులూ మార్చాం. పని చేసింది దేవదానం. ఐరాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన సీనియర్ టెక్నీషియన్, మాట తక్కువ మనిషి. ఆ మధ్యాహ్నమే మా జోనల్ మేనేజరు తనిఖీకి వచ్చారు. నేను ఆయనను వదిలి కదలలేకపోయాను. నాయుడు గారు తొందరలో ఉన్నారు. గేటు దగ్గరికి పరుగున వెళ్లి, బ్రేకులు కొత్తవని, దారిలో మెల్లగా వాడి అలవాటు చేయమని కిటికీలోంచి చెప్పాను. ఆయన తల ఊపారు. తిరిగివచ్చి, రోడ్ టెస్ట్ గడిలో ఇరవై కిలోమీటర్లు, బెడ్డింగ్ పూర్తి అని రాసి సంతకం పెట్టాను. పలమనేరు పోయేలోగా అదంతా దానంతట అదే అయిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

కానీ పలమనేరుకు పోయే దారిలో మొగిలి ఘాటు ఎక్కుడు. బ్రేకు పని పెద్దగా పడదు. మరునాడు ఉదయం చిత్తూరు పని మీద ఆయన అదే ఘాటు దిగారు. మూడో మలుపు తరువాత బ్రేకు జారింది. ముందు టమోటా కోతకు పోయే ఆడకూలీలను ఎక్కించుకున్న ట్రాక్టరు నెమ్మదిగా పోతోంది. ఆయన బండిని కొండ వైపు కాలువలోకి తిప్పేశారు. ట్రాక్టరులోని వాళ్లకు గీత కూడా పడలేదు. ఆయన కుడి పాదం పెడల్ల మధ్య ఇరుక్కొని నలిగిపోయింది.

జోనల్ ఆఫీసు నుంచి టెక్నికల్ ఇంజనీరు విచారణకు వచ్చారు. చక్రాలు విప్పించి చూశారు. బోల్టులన్నీ సరిగ్గా బిగించి ఉన్నాయి. ప్యాడ్లు నున్నగా మెరుస్తున్నాయి. బెడ్డింగ్ జరగకపోతే ఇలా అవుతుంది, కానీ జరిగినట్టు జాబ్ కార్డులో సంతకం ఉంది, కాబట్టి అమర్చేటప్పుడు టెక్నీషియన్ చేతి గ్రీజు ప్యాడ్లకు అంటి ఉండాలి అని ఆయన తేల్చారు. కాగితం ప్రకారం ఆ తర్కంలో తప్పు లేదు. దేవదానాన్ని ఆ రోజే పని నుంచి నిలిపారు. విచారణ గదిలో నేను ఆ ఇంజనీరు పక్కనే కూర్చున్నాను. నోరు విప్పలేదు.

సిగ్గుతో చెబుతున్నాను, పదకొండు రోజులు అలాగే ఉన్నాను. ఏరియా హెడ్ పదవికి నా పేరు పంపి ఉన్నారు. విచారణ ముగిశాక ఏదో విధంగా దేవదానానికి సాయం చేద్దామని మనసును మభ్యపెట్టుకున్నాను. ఈలోగా వాళ్ల ఊళ్లో, అతని చేతి వల్ల ఒక మనిషి కాలు పోయిందన్న మాట పాకింది. ఇరవై ఏళ్లుగా చేతిపనితో బతుకుతున్నవాడికి అంతకు మించిన దెబ్బ ఏముంటుంది? అతను ఒక్కసారి వచ్చాడు, తన పనిముట్ల పెట్టె తీసుకుపోవడానికి. "చేతులు తుడుచుకోకుండా నేను ప్యాడు పట్టుకోను సార్. మీకు తెలుసు గదా," అన్నాడు. తెలుసు అన్నాను. అతను పెట్టె తీసుకొని వెళ్లిపోయాడు.

పన్నెండో రోజు తిరుపతి ఆసుపత్రిలో నాయుడు గారిని చూడబోయాను. పాదానికి రెండు ఆపరేషన్లు అయ్యాయి, మడమ ఇక మునుపటిలా వంగదని డాక్టర్లు చెప్పేశారు. ఆయన నా మీద కోపంగా ఉంటారనుకున్నాను. ఆయనే నన్ను కూర్చోమని, గేటు దగ్గర నేను చెప్పిన మాట సరిగా పట్టించుకోలేదన్నారు.

"కొత్త బ్రేకులు గదా, ఇంగా బాగా పడతాయనుకుంటి," అన్నారు. తరువాత గొంతు తగ్గించి, "మీ ఇంజనీరు వచ్చి అడిగినాడు, ఆ పొద్దు మేనేజరు బండిలో కూచున్నాడా అని. కూచున్నాడనే చెప్పినాను. లేదంటే మీ ఉద్యోగం పోతాది గదా సారూ," అన్నారు.

నాకు మేలు చేశాననే అనుకుంటున్నారు. ఆ మాటతో దేవదానానికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోయిందని ఆయనకు తెలియదు. అతణ్ణి పని నుంచి నిలిపారని, ఎందుకు నిలిపారో, అన్నీ చెప్పాను. ఆయన కట్టు కట్టిన కాలి వైపు చూసుకున్నారు.

"ఆయప్ప బోల్టు బిగించేటప్పుడు ఊపిరి గూడా బిగబడతాడు. నేను పక్కన నిలబడి సూసినాను. ఆయప్ప మీద పెట్టినారా దీన్ని?" అన్నారు. మళ్లీ ఆయనే, "బండి ఇంగొకరికి ఇయ్యకపోయింది నేను. సంతకం పెట్టింది మీరు. రాసియ్యండి సారూ. నేను గూడా ఉండేది ఉండేట్టు చెప్తాను," అన్నారు.

ఆ సాయంత్రమే జోనల్ ఆఫీసుకు ఉత్తరం రాశాను. రోడ్ టెస్ట్ జరగలేదని, అంతకు ముందు కూడా ఆ యజమాని బండిని నేను ఎన్నడూ స్వయంగా తోలలేదని, జాబ్ కార్డులోని రాత అబద్ధమని మూడు వాక్యాలు. వారంలో దేవదానాన్ని తిరిగి తీసుకున్నారు. నా పదోన్నతి రద్దయింది, సర్వీసు రికార్డులో మందలింపు చేరింది. నా తప్పుకు అది చిన్న శిక్షే. తరువాత నేను ఐరాల వైపు వెళ్లి, దేవదానం ఇంటి వాకిట్లో, అతని భార్య, ఇరుగుపొరుగు వింటుండగా, తప్పు నాదని చెప్పాను. అతను విని, కాఫీ ఇప్పించాడు. క్షమించానని అనలేదు, నేను అడగనూ లేదు.

ఆ తరువాత బ్రేకు పని చేసిన ఏ బండినీ మా మనిషి తోలకుండా బయటికి పంపలేదు. గ్రానైటు వ్యాపారి రెండు మాటలు అని ఊరుకున్నారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆయన నొచ్చుకొని బండి సర్వీసును బెంగుళూరుకు మార్చుకున్నారు. నాయుడు గారి బండి బాగై వచ్చాక ఆయన చేతికర్రతో వచ్చి, తాళం దేవదానం చేతికిచ్చి, తాను పక్క సీట్లో కూర్చున్నారు. ఇద్దరూ ఇరవై కిలోమీటర్లు తిరిగి వచ్చేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను.

యజమానుల స్వభావాలు తెలుసుకోవడం మా వృత్తిలో అవసరమే. స్వభావాన్ని బట్టి మాట తీరు మార్చుకోవచ్చు, పని తీరు మార్చకూడదు. నేను మంచితనం అనుకొని మార్చాను. దాని భారం నా మీద గానీ, నేను మంచి చేశాననుకున్న మనిషి మీద గానీ మాత్రమే పడి ఆగలేదు. ఏ పాపం తెలియని మూడో మనిషి మీద పడింది.

దేవదానం నాతో మామూలుగానే పనిచేశాడు. ఒక్కటే మారింది. జాబ్ కార్డు నా ముందుకు తెచ్చినప్పుడు మునుపు పెన్ను కూడా చేతికిచ్చేవాడు. ఇప్పుడు పెన్ను తన దగ్గరే ఉంచుకొని, "మీరు తోలినారా సార్?" అని అడిగేవాడు. తోలాను అని చెప్పాకే ఇచ్చేవాడు. నేను రిటైరైన రోజున సంతకం పెట్టిన చివరి కార్డుకు కూడా అడిగాడు.