మోచేతికి నాలుగు వేళ్ళు తక్కువ

ఆ ఇంటి బెల్లు మోకాలి దగ్గర ఉంది.

ఈ మాట మా ఇంట్లో చెబితే ఒక్కరూ నమ్మలేదు. నా మాట నమ్మే అలవాటు మా ఇంట్లో లేదు లెండి. బుద్ధి తెలిసినప్పటి నుంచీ కోతలు కోస్తున్నదాన్ని. ఎప్పుడన్నా నిజం చెబితే, ఒంట్లో బాగాలేదేమోనని మా అమ్మాయి నా నుదురు పట్టి చూస్తుంది. ఈ సంగతి మాత్రం ఎంత జరిగిందో అంతే చెబుతాను. మధ్యలో ఒక గేదె వస్తుంది, దాన్ని మినహాయించండి.

నా పని ఇళ్ళకి వెల కట్టడం. అప్పు తీరక బ్యాంకు చేతికి వచ్చిన ఇంటిని వేలం ప్రకటనలో వేసేముందు నాలాంటి ఇంజనీరు ఒకరు పోయి, టేపు పెట్టి కొలిచి, గోడలు తట్టి చూసి, ఇంత పలుకుతుందని రాసివ్వాలి. అలా చెన్నైలో అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేటు వెనక వీధిలో ఒక ఇల్లు చూడమన్నారు. బ్యాంకు తరఫున ఒక ఆఫీసరు తోడొచ్చాడు. రాజమండ్రి నుంచి ఆ మధ్యే బదిలీ మీద వచ్చిన మర్యాదస్తుడు. ఇద్దరం తలుపు పక్క గోడంతా బెల్లు కోసం తడుముతుంటే లోపల్నుంచి గొంతు వినబడింది.

"కింద చూడండి నాయనా, కిందా!"

తలుపు తెరిచినావిడ నడినెత్తి సరిగ్గా నా మోచేతి దగ్గరికి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఎత్తు మూడడుగుల ఏడంగుళాలు. తర్వాత ఆవిడే చెప్పింది. నేను అయిదడుగుల పది. బళ్ళో నన్ను తాటిచెట్టు అనేవాళ్ళు. ఆవిడ తల బాగా వెనక్కి వాల్చి నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"ఏందమ్మే, మీ అమ్మ నిన్ను కనిందా, నాటిందా?"

"నాటిందక్కా. నీళ్ళు కాస్త ఎక్కువ పోసింది."

అంతే, మా ఇద్దరికీ కుదిరిపోయింది.

ఇల్లు చూస్తే కొత్తవాళ్ళకి మతి పోతుంది. స్విచ్చులు నా తొడ దగ్గర. కిటికీలు నేల నుంచి జానెడు పైన మొదలు. లోపలి గుమ్మాలు అయిదడుగులు కూడా లేవు. ఆవిడ భర్త ఎస్టేటులో ఫిట్టరుగా చేసి, తర్వాత సొంతంగా చిన్న లేత్ షాపు పెట్టుకున్నాడు. ఆయనదీ ఆవిడ ఎత్తే. "మేమిద్దురం ఒకరి మీద ఒకరు నిలబడితే నీకంటే మూరెడు ఎక్కువే," అంది. ఇద్దరి కొలతకీ ఇంటిని ఆయనే గీసుకుని కట్టించాడు. ఇంటి మీద అప్పు తెచ్చి రెండో లేత్ కొన్నాడు. పనులు తగ్గాయి. రెండేళ్ళ కింద ఆయనా పోయాడు. ఆవిడ ఇదంతా ఏడుపు లేకుండా, బస్సు దారి చెప్పినట్టు చెప్పింది.

నేను రెండుసార్లు తల కొట్టుకున్నాను, ఆఫీసరు మూడుసార్లు. 'అసాధారణ నిర్మాణం, కొన్నవారు మార్పులు చేయించుకోవాలి' అని రాసుకున్నాను. ఆ ఒక్క వాక్యంతో వెల ఎంత పడిపోతుందో నాకు తెలుసు. రాయక తప్పదు.

వంటింట్లో గట్టు నేల నుంచి రెండడుగులకి అంగుళం తక్కువ. పైన నల్ల గ్రానైటు, అద్దంలా తుడిచి ఉంది. 'వంటగట్టు, గ్రానైటు, గోడకి కట్టినది' అని రాస్తుంటే ఆవిడ నా మోచేతి కింద నుంచి అడిగింది.

"ఏం రాస్తా ఉండావు?"

చదివాను. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"అది గూడా ఇంటితోనే పోతాదా?"

ఆఫీసరు మెల్లిగా చెప్పాడు. "గోడకి ఉన్నవన్నీ ఇంటి కిందకే వస్తాయండి. మంచం, బీరువా, గిన్నెలు, అవన్నీ మీవే. నిరభ్యంతరంగా తీసుకెళ్ళొచ్చు."

ఆవిడ కుడిచేతి జాకెట్టు కొంచెం పైకి లాగింది. మోచేతి పైన ముడతలు పడ్డ పాత మచ్చ.

"మా అమ్మింట్లో స్టూలెక్కి వండతా ఉంటి. ఒకతూరి గంజి వారస్తా ఉంటే స్టూలు జారింది. పెండ్లిచూపులకి వచ్చినప్పుడు ఆయన ఈ చేయి చూసి జేబులోంచి టేపు తీసినాడు. అందురూ గాజులకి కొలత అనుకున్యారు. ఈయన నేల నుంచి నా మోచేతికి కొలిచి, నాలుగు వేళ్ళు తీసేసి, గట్టు ఇంత ఎత్తుంటే చేయి కాలదు అన్యాడు. అంతే, ఇంకేం మాట్లాడలా." గట్టు మీద చెయ్యి పెట్టింది. "మాధవరంలో చెల్లెలు ఒక వాటా ఇచ్చింది. ఆడ గట్టు నా గొంతు కాడికి ఉండాది. ఇల్లు పోతే పోనీ నాయనా, ఆయన చేసిన అప్పే గదా. ఈ వయసులో మళ్ళా స్టూలు ఎక్కలేనబ్బా."

ఆఫీసరు తల దించుకున్నాడు. "రూల్సు అలా ఉన్నాయండి," అన్నాడు, తన తప్పే అయినట్టు.

మాట రానప్పుడు నాకు కోతలు వస్తాయి. షోళింగనల్లూరులో మూడో అంతస్తు ఫ్లాటుకి వెల కట్టడానికి పోయిన కథ ఎత్తుకున్నాను. భార్యాభర్తలిద్దరూ కంప్యూటరు ఉద్యోగులు. కాఫీకి చిక్కటి పాలు దొరకడం లేదని దూడని లిఫ్టులో తెచ్చి బాల్కనీలో పెంచారు. అది గేదె అయింది. ఇప్పుడు లిఫ్టులో పట్టదు, మెట్లు దిగదు. బ్యాంకువాళ్ళు నన్ను అడిగారు, ఇది సామానా, ఇల్లా?

"మీరేమన్నారు?" ఆఫీసరు నోరు తెరిచాడు.

"గోడ పగలగొట్టకుండా బయటికొచ్చేది సామాను, రానిది ఇల్లు అన్నాను. గేదెని బాల్కనీతో కలిపి వెల కట్టేశాను."

"కొన్నవాళ్ళు ఏం చేశారండీ?"

"పాలు తాగారు."

ఆయన గోడకి ఆనుకుని మరీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"గోడ పగలగొట్టకుండా వస్తే సామానేనా?" అంది.

"అంతే కదండీ మరి," అన్నాడు ఆఫీసరు కళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడ లోపలికి పోయి ఒక స్పానరు తెచ్చింది. నేల మీద చతికిలబడి గట్టు కిందికి తల దూర్చి, "ఇట్రాండి ఇద్దురూ," అంది.

పాతికేళ్ళుగా ఇళ్ళు కొలుస్తున్నాను. గోడలు తట్టాను, కప్పులెక్కాను. గట్టు కిందికి మాత్రం ఎప్పుడూ వంగి చూడలేదు. నడుము నొప్పి. ఆ రోజు బోర్లా పడుకుని చూశాను. గట్టు గోడకి ఆనుకుని ఉందంతే. కింద ఇనప యాంగిళ్ళ కాళ్ళు, ఎనిమిది బోల్టులు, బోల్టు బోల్టుకీ వాషరు. ఎక్కడా చిటికెడు సిమెంటు లేదు. వేలు పెడితే గ్రీజు అంటుకుంది.

"ఆయన ఫిట్టరు నాయనా. సిమెంటు అంటే ఆయనకి పడదు. సిమెంటు పెడితే మళ్ళా దిద్దుకోలేం అంటా ఉండె. ఏటా ఆయుధపూజకి షాపులో మిషన్లకి పూసినాక, మిగిలిన గ్రీజు తెచ్చి వీటికి పూస్తా ఉండె. పోయినేడు నేనే పూసినా."

మొదటి నట్టు తనే తిప్పింది. చప్పుడు లేకుండా తిరిగింది. రాయి రెండు ముక్కలు. ఒక ముక్క బోల్టులన్నీ విప్పి, దాన్ని నేనూ ఆఫీసరూ చెరో పక్కా పట్టి హాల్లోకి తెచ్చాం. గుమ్మం దగ్గర ఆయన నాలుగోసారి తల కొట్టుకున్నాడు. రాయిని కింద పెట్టి, నెత్తి రుద్దుకుంటూ గోడ వంక చూశాడు. సున్నం కూడా చెదరలేదు.

"మేడం, ఇది బల్లండి. గట్టు కాదు," అన్నాడు.

నేను రాసింది కొట్టేసి, 'బల్ల, నట్టుబోల్టులతో బిగించినది, నివాసి సామాను, వెలలో చేర్చలేదు' అని రాశాను. రేపెవరూ అడక్కుండా బోల్టులకి ఫోటోలు కూడా తీశాను. ఆవిడ కొంగుతో విప్పిన నట్లు తుడిచి జేబురుమాలంత గుడ్డలో మూటకట్టింది.

నేను లేస్తూ నడుం పట్టుకోవడం చూసింది. "ఏమ్మే, నడుమా?"

"ఆమా అక్కా, నడుమే. మా ఇంటి గట్టు నాకు చాలదు. పెళ్ళయినప్పటి నుంచీ వంగే వండుతున్నా."

"ఎవురూ నీకు కొలిచి కట్టలేదా?"

"లేదు."

"ఊర్లో ఇండ్లన్నీ కొలస్తావు గదే!"

వచ్చి నన్ను ఆనుకుని నిలబడింది. ఆవిడ నడినెత్తి నా మోచేతికి తగిలింది. అక్కణ్ణించి నాలుగు వేళ్ళ మేర కిందికి కొలిచి, తన నుదుటి మీద వేలు పెట్టుకుంది.

"ఈడికి. రాసుకో."

ఇల్లు వేలంలో పోయింది. కొన్నవాళ్ళు బెల్లు పైకి మార్చుకున్నారు. మాధవరంలో బల్ల బిగించిన రోజు నేనూ పోయాను, ఆఫీసరు స్పానరు పట్టాడు. ఇప్పుడు అక్క నిలబడి వండితే, చెల్లెలు స్టూలేసుకుని కూర్చుని కూరలు తరుగుతుంది.

మా ఇంట్లో గట్టు ఎత్తు పెంచడానికి వచ్చిన మేస్త్రి, ఇదెక్కడి కొలతమ్మా, టేపు మీద ఎంత అని అడిగాడు. ఒకావిడ నుదుటి దాకా అని చెప్పాను. మా అమ్మాయి వచ్చి నా నుదురు పట్టి చూసింది. గేదెని నమ్మింది, దీన్ని నమ్మలేదు. నమ్మకపోతే పోనీ. నేనిప్పుడు నిటారుగా నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నాను.