ఓబులమ్మ ఒప్పుకున్న రోజు

మూఢనమ్మకాల మీద ముప్పయ్యేళ్లు గొంతు చించుకున్న నేను, ఒక్క పూటలో నా భార్య ఓబులమ్మ ప్రాణం మీదికి తెచ్చిన కథ ఇది. ఆమె క్షేమంగానే ఉంది కాబట్టి మీరు ధైర్యంగా నవ్వొచ్చు. నాకు నవ్వు రావడానికి మాత్రం అయిదేళ్లు పట్టింది.

అప్పుడు డోన్‌లో ఉండేవాళ్లం. ఇన్సులిన్ తీసుకునే ఓబులమ్మ చేతికి డాక్టరు రూపాయి బిళ్లంత సెన్సర్ అంటించాడు. అది రక్తంలో చక్కెర ఎంతుందో ఫోనుకు చెబుతుంది. చక్కెర పడిపోతే ఫోను గోల పెడుతుంది. ఇట్లాంటి పరికరాల్లోకి దొంగలు గాలిలోంచే చొరబడగలరని ఎక్కడో చదివాను. సగమే చదివాను. పూర్తిగా చదివినవాడికి నా అంత ధైర్యం ఉండదు.

"ఓబులా, నీ ఒంటి గుట్టు ఊరంతా వింటాండాది!"

"నా చక్కెర ఎవుడు దొంగిలిస్తాడప్పా? కావాలంటే సగం తీసుకపొమ్మను."

నేను వింటానా? చపాతీలు చుట్టే ఫాయిల్‌ను నాలుగు మడతలు పెట్టి, సెన్సర్ మీద కప్పి, ఇంట్లో దొరికిన నల్లదారంతో బిగించాను. 'సెన్సర్ అందడం లేదు' అంది ఫోను. కోట గెలిచిన దొరలా మీసం తిప్పాను. దొంగకు అందనిది నాకూ అందదని ఈ మహా తార్కికుడికి తట్టలేదు.

మరునాడు వేంపల్లెలో తాయెత్తుల మీద నా ఉపన్యాసం. ఏది రాసినా ముందు ఓబులమ్మకు చదివి వినిపించడం మా ఇంటి ఆచారం. వంకాయలతో పాటు దాన్నీ తరిగేస్తుంది. ఒక్క వాక్యమూ గాయం లేకుండా బయటపడింది లేదు.

ఆ సాయంత్రమే మొదటి పేజీ చదివాను. "ఎట్లుండాది?"

"శానా బాగుండాదప్పా."

రెండో పేజీ చదివాను.

"నువ్వు చెప్పిందంతా నిజమే."

కాగితాలు చేతిలోంచి జారిపోయాయి. ఓబులమ్మ ఒప్పుకుందంటే ఏదో ఘోరం జరిగినట్టే! చూస్తే నుదుటి నిండా చెమట, వేళ్లలో వణుకు, చూపు ఎక్కడో ఉంది. చక్కెర పడిపోయిందని అర్థమై, పరుగున చక్కెర నీళ్లు కలిపి తాపించాను.

పావుగంటకు తేరుకుని, చేతికున్న కట్టు తడిమింది.

"నల్లదారం, లోపల రేకు. దీన్నేమంటారప్పా?"

"రక్షణ..."

"ఊరోళ్ల తాయెత్తులు తెంపను పోతా, పెండ్లానికి కట్టి పోతాండావా?"

"భయమేసింది ఓబులా."

"వాళ్లకూ అంతే. ఆ మాట రాయి నీ ఉపన్యాసంలో."

దారం తెంపాను. అంతసేపూ నోరు నొక్కినందుకు తిడుతున్నట్టు ఫోను గోల పెట్టింది.

పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఫాయిల్ చపాతీలకే. ఇకమీదట ఓబులమ్మ నా మాట ఒప్పుకుంటే పొంగిపోను. ముందు చక్కెర చూస్తాను.