సిద్ధమ్మ బీరువా

సిద్ధమ్మ ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క సామాను పోలేదు. ఆస్పత్రి పేరు వద్దులెండి, పాకాల చుట్టుపక్కల ఒక చిన్న ఆస్పత్రి అనుకోండి చాలు. అక్కడి ఎమర్జెన్సీ వార్డులో ఆమె అటెండరు. కొత్త వస్తువేది వచ్చినా పసుపు కుంకుమ పెట్టి, బీరువాలో దాచి, తాళంచెవి బొడ్లో దోపుకుంటుంది. ఎందుకమ్మా అంటే, "బయట పెడితే కాళ్లొస్తాయి" అంటుంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

మూడు నెలల కిందట పిల్లల కోసమని ఒక పెట్టె వచ్చింది. ఊపిరి అందించే చిన్న అంబు బ్యాగు, అరచేతిలో ఇమిడే మాస్కులు. ఇంత ముద్దుగా ఉన్నవి నలుగురి చేతుల్లో పడితే మిగులుతాయా? కవరు కూడా చింపకుండా పై అరలో భద్రం చేసింది.

మొన్న బుధవారం తిరుపతి నుంచి పిల్లల డాక్టరు నందిని వచ్చింది. ప్రాణం మీదికొచ్చిన పసిపిల్లలను కాపాడేందుకు వార్డులు సిద్ధంగా ఉన్నాయో లేదో చూడటం ఆమె పని. ఒక రబ్బరు బొమ్మను మంచం మీద పడుకోబెట్టి, "రెండేళ్ల బిడ్డ. ఊపిరి ఆడటం లేదు. కానీండి" అని గడియారం చూసుకుంది.

నర్సు జ్ఞానాంబ ఆ వార్డుకు బదిలీ అయి వచ్చి రెండు నెలలే. చేతికందిన పెద్దవాళ్ల మాస్కు పెట్టింది. అది బొమ్మ మొహమంతా కప్పేసింది, గాలంతా పక్కలనుంచి పోయింది. భోజనం చేస్తున్న సిద్ధమ్మను ఎవరో పిలుచుకొచ్చారు. ఆమె చేయి కడుక్కుని, తాళం తీసి, పెట్టె దించింది.

"ఏడు నిమిషాలు. బిడ్డ పోయింది" అంది నందిని.

సిద్ధమ్మకు నవ్వొచ్చింది. "బొమ్మకేమవుతాదమ్మా? సామాను సూడు, మూణ్ణెల్లయినా కొత్తమాదిరే ఉండాది."

జ్ఞానాంబ ఆ చిన్న మాస్కునే చూస్తూ ఉండిపోయింది. "అక్కా, పోయిన నెల పూజితకు కావలసింది ఇదే. లేదనుకొని తిరుపతికి పంపించినాను."

పూజిత దామలచెరువు మామిడి మండీలో పనిచేసే మురుగేష్ కూతురు. అంబులెన్సు చంద్రగిరి దాటకముందే కన్నుమూసింది. ఆ రోజూ సిద్ధమ్మ భోజనం చేసి వచ్చేసరికి తల్లి మెట్ల మీద కూలబడి ఉంది. మాస్కు మాట సిద్ధమ్మ చెవిన పడలేదు. తల్లికి నీళ్లు తాగించి, తల నిమిరి, "మన చేతిలో ఏముండాది తల్లీ" అని తనే ఓదార్చింది. అప్పుడూ తాళంచెవి బొడ్లోనే ఉంది.

ఇప్పుడు సిద్ధమ్మ మెల్లగా ఆ తాళంచెవి తీసి జ్ఞానాంబ చేతిలో పెట్టింది.

"బొమ్మను ఇంకోసారి పడుకోబెట్టమ్మా" అంది నందినితో.

పడుకోబెట్టారు. సిద్ధమ్మ చిన్న మాస్కును బొమ్మ మొహానికి అదిమి పట్టింది. జ్ఞానాంబ బ్యాగు నొక్కింది. బొమ్మ రొమ్ము పైకి లేచింది.

"చాలక్కా, బిడ్డ బతికింది" అంది నందిని.

సిద్ధమ్మ చేయి తీయలేదు.