ఆయుధ పూజలో క్రికెట్ కార్డులు

మా నాయన నన్ను అవమానించిన రోజుకు నా దగ్గర సాక్ష్యం ఉంది. బబుల్‌గమ్‌తో పాటు ఇచ్చే క్రికెట్ కార్డు అది. ముందువైపు ఒక బౌలర్ బొమ్మ, వెనుక అతని వికెట్ల వివరం. బొమ్మ మీద ఒక మూలగా గ్రీజు అంటిన బొటనవేలి ముద్ర. ఆ వేలు మా నాయనది.

పలమనేరులో రోడ్డు పక్కన ఆయనకు లారీల మెకానిక్ షెడ్డు ఉండేది. ఏటా ఆయుధ పూజకు స్పానర్లు, జాకీలు, సుత్తులు శుభ్రం చేసి, వరుసగా పేర్చి, గంధం కుంకుమ పెట్టి, బొరుగులు పంచేవాడు. నాకు పదేళ్లప్పుడు ఆ వరుస చివర నా కార్డు కూడా పెట్టాను. జాకీ తుడుస్తున్న చేత్తోనే ఆయన దాన్ని పైకెత్తి పనివాళ్లందరికీ చూపించాడు.

“ఏందిరా ఇది? స్పానరు అన్నం పెడతాది. ఈ బొమ్మ ఏం పెడతాది నీకు, బబుల్‌గమ్మా?”

అందరూ నవ్వారు. ఆయన కార్డును బయటికి విసిరేశాడు. నేను ఏరుకొచ్చి దాచుకున్నాను. మరక మాత్రం తుడవలేదు.

అప్పుడు నవ్విన ఐదుగురూ ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను.

బడిలో నాకు ఇష్టమైన పాఠం చరిత్ర. కానీ పుస్తకంలోని రాజులు చేతికి అందేవాళ్లు కారు. కార్డు అందుతుంది. అది అచ్చైన ఏడాది ఎవరు జట్టులో ఉన్నారో, ఎన్ని పరుగులు చేశారో అక్కడే ఆగిపోయి ఉంటుంది. రెండు మ్యాచ్‌లు ఆడించి పక్కన పెట్టినవాళ్ల కార్డులంటే నాకు మరీ ఇష్టం. వాళ్లను తీసేసిన సంగతి కార్డుకు తెలియదు. అందులో వాళ్లు ఇంకా నవ్వుతూనే ఉంటారు. అలాంటి వాళ్ల కోసం చిత్తూరులో పాత కాగితాల అంగళ్లన్నీ తిరిగాను. బంగారుపాళ్యంలో ఒకరి ఇంటి అటక ఎక్కాను. పెద్దయ్యాక కూడా మానలేదు. మూడు వందల పైచిలుకు కార్డులయ్యాయి. ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ కవరు తొడిగాను.

షెడ్డు మూసేశాక నాయన తిరుపతిలో మా ఇంటికి వచ్చాడు. ఆయన ట్రంకు పెట్టెలో నాలుగు స్పానర్లు మిగిలాయి. నేను కార్డులు తీసినప్పుడల్లా ఆ గ్రీజు మరక కార్డును ఆయనకు కనపడేలా పైన పెట్టేవాణ్ణి. ఆయన చూసేవాడు.

ఒక దసరాకు, చిత్తూరులో పాత పుస్తకాల అంగడి నడిపే మిత్రుడూ నేనూ కలిసి సెలవుల తరువాత ఒక బడిలో ఈ కార్డుల ప్రదర్శన పెడదామనుకున్నాం. కార్డుల పెట్టె దించి బల్ల మీద పెట్టాను. ఆయుధ పూజ నాడు ఉదయం స్కూటరుకు దండ, గుమ్మడికాయ తేవడానికి బజారుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నేలంతా కార్డులు పరచి ఉన్నాయి. కవర్లు ఒక పక్క కుప్పగా ఉన్నాయి. ప్రతి కార్డుకూ తడి గంధం, దాని మీద కుంకుమ. చివరన నాలుగు స్పానర్లు. మధ్యలో నాయన, కళ్లద్దాలు ముక్కు మీదికి జారి, వేళ్లు ఎర్రగా.

“అన్నిటికీ పెట్టినానురా,” అన్నాడు. “ఒగటి గూడా ఇడిసిపెట్టలే.”

అట్ట మీద గంధం తడి పాకి రంగులు కలిసిపోతున్నాయి.

“నిన్నెవురు పెట్టమన్నారు నాయనా?”

“పండగ గదరా…”

“నువ్వు చెయ్యి పెట్టింది ఏదన్నా బాగుపడిందా?”

బతుకంతా చెడిపోయిన బండ్లు బాగు చేసిన మనిషిని నేను అడిగిన మాట ఇది. ఆయన తన చేతులను చూసుకున్నాడు. లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లాడు. సాయంత్రం గంధం ఆరాక నేను ఒక్కటీ చూడకుండా కార్డులన్నీ పెట్టెలోకి తోసి అటక మీదికి ఎక్కించాను.

“తెల్లారుజామునే కూసున్నాడు,” అంది మా ఇంటామె. “చెయ్యి వణకతా ఉంటే, ఈ చేత్తో ఆ చెయ్యి పట్టుకోని పెట్టినాడు. నన్ను ముట్టనీలేదు.”

సంగతి విన్న చిత్తూరు మిత్రుడు ఫోనులోనే నవ్వాడు. “బొట్టు పెట్టించుకున్న ఫాస్ట్ బౌలరా! ఇంక వికెట్లు యాడ పడగొడతాడప్పా, టెంకాయలు కొడతాడు!” ఆ తరువాత నేను అతని అంగడి మెట్లు ఎక్కలేదు. ప్రదర్శనా జరగలేదు.

నాయనతో కూడా మాట్లాడలేదు. “ఆయన్ను తినమను”, “ఆయన్ను మందు ఏసుకోమను” అని ఇంటామెతోనే చెప్పించేవాణ్ణి. మొదట ఆయనే వచ్చి క్షమించమని అడగాలని నా పట్టు. ఆయన అడగలేదు. మామిడికాయలు దిగే కాలంలో ఒకరోజు మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. నేను అప్పుడు ఆఫీసులో ఉన్నాను.

మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. ఆయన స్పానర్లకు బొట్టు పెట్టేవాళ్లు లేరని నేనే ట్రంకు తెరిచాను. పెట్టాను. తరువాత అటక మీది పెట్టె కూడా దించాను. ఎందుకో తెలియదు. ఒక్కొక్క కార్డే తీసి చూశాను. అన్నిటికీ కుంకుమ బొమ్మ నుదుటి మీదే ఉంది. తడికి చుట్టూ రంగులు కలిసినా, ఎక్కడా మొహం చెడలేదు. వణికే చేత్తో మూడు వందల నుదుళ్లను ఎలా గురిచూశాడో!

అట్టడుగున ఆ బౌలర్ కార్డు దొరికింది. దాని మీద మాత్రం బొట్టు నుదుటి మీద లేదు. మూలన గ్రీజు ముద్ర ఉన్నచోట ఉంది. గంధం మందంగా పెట్టి, పైన కుంకుమతో బొటనవేలు ఆనించి అద్దాడు. పాత ముద్ర అంచు నల్లగా కొంచెం కనిపిస్తోంది. దాని మీద ఎర్రటి ముద్ర. రెండూ ఒకే వేలివి.

ఆ రోజు ఆయన నాకు చూపించాలనుకున్నది అదే. నేను చూడలేదు. నా తప్పు నాకు తెలుసు. అయినా ఆయన మీద నాకు ఒక ఫిర్యాదు మిగిలే ఉంది. “ఆ పొద్దు నిన్ను అట్ల అనకుండా ఉండాల్సిందిరా” అని ఒక్క మాట నోటితో అని ఉండకూడదా? నేను తల తిప్పుకున్నా, వెంటపడి అని ఉండకూడదా?

కార్డును మళ్లీ కవరులో పెట్టలేదు. స్పానర్ల పక్కనే ఉంచాను.